చదువురాని నోటికి వాక్యము నేర్పిన బిషప్ అజరయ్యగారు

కొన్ని సంవత్సరముల క్రిందట కోరుట్లలో ఒక ఇంట ప్రార్థనకు వెళ్లాను. ఆ ఇంటి కుమారుడు దుబాయిలో పని చేస్తున్నాడు. ఇంట కోడలు, ఇద్దరు పిల్లలు, ఒక ముసలి అవ్వ ఉన్నారు. అవ్వ చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుడుతున్నది. వాక్యము చదువుదామని బైబిలు అడిగాను. కోడలు స్టూలు ఎక్కి అలమర పైనుంచి ఒక మూట దింపింది. ఎర్రని గుడ్డలో భద్రముగా చుట్టిన బైబిలు అది. పెండ్లినాడు ఇచ్చినదట. విప్పి చూస్తే పుటల మధ్య రేషన్ కార్డు, భర్త పాస్‌పోర్టు నకలు, పిల్లల టీకాల చీటీలు ఉన్నవి. ఇంటిలో అతి విలువైన కాగితములన్నియు అందులోనే దాచుకున్నారు. కాని కీర్తనల గ్రంథము దగ్గర పుటలు ఇంకా ఒకదానికొకటి అంటుకొనే ఉన్నవి.

ఆ సాయంకాలము కరెంటు లేదు. కొవ్వొత్తి వెలుతురులో నలుబది దాటిన నా కండ్లకు అక్షరములు ఆనలేదు. అద్దాలు ఇంటి దగ్గర మరచి వచ్చాను. చదవలేక తడబడుతుండగా బీడీలు చుట్టే అవ్వ తల ఎత్తకుండానే నూట మూడవ కీర్తన మొదలుపెట్టింది. మొదటి వచనము నుంచి చివరి వచనము వరకు ఎక్కడా ఆగలేదు. చేతిలో తునికాకు మడత పడుతూనే ఉన్నది. అవ్వకు అక్షరము రాదు. బీడీల లెక్క పుస్తకములో వేలిముద్ర వేస్తుంది. నేను థియలాజికల్ కాలేజీలో సంవత్సరముల తరబడి చదివి, గ్రీకు క్రియాపదముల రూపములు బట్టీ పట్టి పట్టము పొందినవాడను. నిజము చెప్పుకోవలెనంటే, ఆ రాత్రి ఆ కీర్తనలో ఐదారు వచనములకంటె ఎక్కువ నేను చూడకుండా చెప్పలేకపోయేవాడను.

ఎట్లా వచ్చిందని అడిగాను. చిన్ననాడు ఊరిలో ఉపదేశకుడు రాత్రిపూట లాంతరు పెట్టి నేర్పేవాడని, ఆ దినము వచనము అప్పజెప్పనిదే ఇంటికి పంపేవాడు కాదని చెప్పింది. తండ్రి దొర పొలములో పని చేసి వచ్చి, కాళ్లు కడుక్కొని, నిద్ర ఆపుకుంటూ అదే వచనము అప్పజెప్పేవాడట.

ప్రియ సంఘస్థులారా, ఈ శతవార్షిక సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని నన్ను కోరినప్పుడు నాకు మొదట ఆ అవ్వే గుర్తుకు వచ్చింది. ఆమెకు వచనము నేర్పిన ఉపదేశకుని పేరు ఏ గ్రంథములోను లేదు. మన కరీంనగర్ సీమలో ఆ పని వెస్లియన్ మిషను వారి పల్లె ఉపదేశకులు చేశారు. వరంగల్ అవతల దోర్నకల్ వైపు ఆంగ్లికన్ సంఘము వారు చేశారు. మిషనులు వేరైనా పద్ధతి ఇంచుమించు ఒకటే. అయితే ఆ పద్ధతిని ఒక డయాసిస్ అంతటికి ప్రాణముగా చేసి, దాని కొరకు తన జీవితము ముప్పది అయిదేండ్లు ధారపోసిన ఒక వ్యక్తి జీవితము మనకు బాగుగా తెలిసి ఉన్నది. ఆయనే వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు. ఆయన పటము మన పెద్దల ఇండ్లలో కొన్నిచోట్ల ఇప్పటికిని ఉన్నది. మొదటి భారతీయ బిషప్ అని పిల్లలకు సండేస్కూలులో చెప్పి ఊరుకుంటాము. ఆయన ఏమి చేశాడో చెప్పము.

అజరయ్యగారు తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17న తమిళ దేశములో, తిరునెల్వేలి జిల్లా వెల్లాలన్‌విళై అను పల్లెలో జన్మించారు. తండ్రి తోమా వేదనాయకంగారు హిందూ కుటుంబములో పుట్టి, మిషను పాఠశాలలో చదువుచు క్రీస్తును ఎరిగి, తరువాత ఆ పల్లె సంఘమునకు గురువైనవారు. తల్లి పేరు ఎలెన్. చాల కాలము మగబిడ్డ కొరకు ఆమె హన్నావలె ప్రార్థించినందున పుట్టిన బిడ్డకు శామ్యూల్ అని పేరు పెట్టారు. ఇక్కడ నా ఆలోచన ఒకటి చెప్పనివ్వండి. ఆ యింటివారికి సమూయేలు గ్రంథము దూరదేశపు కథ కాదు, తమ ఇంటి కథే. బిడ్డకు పేరు పెట్టవలసి వచ్చినప్పుడు వారి చేయి నేరుగా అక్కడికి పోయింది. వాక్యము దినచర్యలో కలియుట అంటే ఇదే కాబోలు.

1889లో తండ్రి మరణించారు. తల్లి క్రమశిక్షణలో, మిషను హాస్టళ్లలో పెరిగిన బాలుడు పాళయంకోట్టై, తిరునెల్వేలి చదువులు ముగించి మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరాడు. పరీక్ష సమయమున జబ్బుపడి పట్టా లేకుండానే బయటకు వచ్చాడు. పట్టా లేదని ఆయన ఎన్నడు చింతించినట్లు కనబడదు. తరువాత 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమే ఆయనను పిలిచి గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

1895 నుంచి 1909 వరకు వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణ దేశమంతా తిరిగి, విద్యార్థులను కూర్చోబెట్టి వాక్య ధ్యానము చేయించుట ఆయన పని. 1898లో అంబు మరియమ్మాళ్‌గారిని వివాహమాడారు. దక్షిణ దేశపు క్రైస్తవ స్త్రీలలో కాలేజీ చదువు చదివిన మొదటివారిలో ఆమె ఒకరు. కట్నము లేదు, ఆర్భాటము లేదు. పెండ్లి ఖర్చు నలుబది రూపాయలని చెప్పుకుంటారు. ఈ మాట జగిత్యాలలోను సిరిసిల్లలోను పెండ్లికూతురి తండ్రులు చదువుదురు గాక అని ప్రత్యేకముగా వ్రాస్తున్నాను.

1902లో ఆయన యాఫ్నాకు, అనగా సిలోను ఉత్తర భాగమునకు వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో తమవారినే మిషనరీలుగా పంపుట చూశారు. తిరునెల్వేలి సంఘము వారికంటె ఎంతో పాతది, పెద్దది. అయినను ఎవరినీ ఎక్కడికీ పంపలేదు. ఆ సిగ్గు ఆయనను నిద్రపోనివ్వలేదు. మరుసటి సంవత్సరమే, 1903లో, తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. తెల్లదొరల డబ్బు లేదు, తెల్లదొరల పెత్తనము లేదు. ఆ సొసైటీ ఎంచుకున్న పొలము మన నిజాం రాజ్యములోని దోర్నకల్ ప్రాంతము. 1905 క్రిస్మస్ దినమున సేరంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడినప్పుడు కూడ ఆయన దాని స్థాపకులలో ఒకరు.

ఊరూరా తిరిగి మిషను పనికి మనుష్యులు కావలెనని ప్రసంగించుచు ఉండగా, తానే ఎందుకు పోకూడదని ఆయనకు తోచింది. సంసారము, మంచి ఉద్యోగము, దేశమంతట పేరు ఉన్న ముప్పది అయిదేండ్ల వయస్సులో, 1909లో పట్టము పొంది దోర్నకల్ వచ్చారు. అప్పటి దోర్నకల్ అంటే అడవిలో ఒక రైలు స్టేషను. మొదట ఆయన నివాసము గుడారమే. ఆ వయస్సులో కూర్చుండి అ, ఆ, ఇ, ఈ మొదలుకొని తెలుగు నేర్చుకున్నారు. మన భాషలో ఉన్న ఒత్తులు, దీర్ఘములు తమిళ నాలుకకు ఎంత కష్టమో తమిళ మిత్రులు ఉన్నవారికి తెలుసు. తానే ఒక భాషలో పసివాడై, మాట వెదకుకొని, తప్పు పలికి, నవ్వులపాలై నేర్చుకున్న మనిషి గనుక, చదువురాని కూలివానికి వాక్యము ఏ మార్గమున లోపలికి పోవునో ఆయనకు తెలిసిందని నా నమ్మకము.

1910లో ఎడింబరో మహాసభలో మాట్లాడుచు, మిషనరీలు తమకు ఎన్నో ఇచ్చారని ఒప్పుకొని, అయితే సమానమైన స్నేహము ఇవ్వలేదని దొరల ముఖము మీదనే చెప్పారు. ఆ ప్రసంగమును గూర్చి చాలమంది వ్రాశారు గనుక నేను ఆగను. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌లో ఆయనకు బిషప్ అభిషేకము జరిగింది. ఆంగ్లికన్ సంఘములో భారతీయుడు బిషప్ అగుట అదే మొదలు. నల్లవాని చేతి క్రింద తెల్ల గురువులు పని చేయుదురా అని ఆనాడు గొణిగినవారు చాలమంది. ఆయనకు మొదట ఇచ్చిన డయాసిస్ చిన్న మూల. 1920లో కృష్ణా మండలములు, రాయలసీమ వైపు మిషను ప్రాంతములు కలుపుటతో అది విశాలమైనది.

ఇక అసలు సంగతికి వస్తాను.

ఆయన చేతికి వచ్చిన సంఘము ఎట్టిది? అత్యధికులు మాల మాదిగ పల్లెల వారు. వెట్టి చాకిరీ, అప్పులు, సారా, మశూచి, కలరా. నిజాం రాజ్యములో ఆనాడు నూటికి అయిదుగురు చదవగలిగితే గొప్ప. మన పల్లెలలో అదియు లేదు. తెలుగు బైబిలు సంపూర్ణముగా 1854లోనే అచ్చయి ఉన్నది. అంతకుముందు 1732 నాటికే బెంజమిన్ షుల్జ్ అను జర్మను మిషనరీ బైబిలంతయు తెలుగులోనికి మార్చి, అచ్చు వేయలేక ఆ ప్రతులతోనే మిగిలిపోయాడు. అనగా రెండు వందల సంవత్సరములు పండితులు శ్రమపడి సిద్ధము చేసిన గ్రంథము ఉన్నది, దానిని విప్పి చదవగల మనిషి ఊరిలో లేడు. ఒక్కొక్క పల్లెలో ఉపదేశకుని ఇంట ఒకే బైబిలు.

అందరు చదువు నేర్చువరకు వాక్యము ఆగవలెనా? ఆగనక్కరలేదని అజరయ్యగారు నిశ్చయించుకున్నారు. బడులు పెట్టించారు, పిల్లలను చదివించారు, అది వేరు. పెద్దవారి కొరకు మాత్రము చెవినే కన్నుగా చేశారు. చీకటి పడిన తరువాత, కూలి పని ముగిసి గంజి త్రాగిన తరువాత, ఉపదేశకుడు గంట కొట్టేవాడు. గంట లేనిచోట ఇనుప ముక్కను చెట్టుకు వ్రేలాడదీసి కొట్టేవారు. ప్రార్థనా గృహము లేకుంటే చెట్టు క్రిందనే కూర్చునేవారు. అక్కడ ఒక కీర్తన, ఒక కథ, ఒక వచనము. కీర్తన మన తెలుగు రాగములో, మన తాళములో. కథ బైబిలులోనిది, ఎక్కువగా ప్రభువు జీవితములోనిది. వచనము నోటికి వచ్చువరకు అందరు కలిసి చెప్పుట, తరువాత ఒక్కొక్కరు చెప్పుట. ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణము, పది ఆజ్ఞలు నోటికి రానిదే బాప్తిస్మము లేదు.

ఇది విని, బట్టీ పట్టించుట కాదా అని కొందరు చదువుకున్న మిత్రులు నన్ను అడిగారు. ఒక మాట నిజము. అర్థము లేని బట్టీ చిలుక పలుకే అవుతుంది. మన సంఘములలోను విశ్వాస ప్రమాణమును రైలు బండివలె పరుగెత్తించి ముగించువారు ఉన్నారు. అయితే అజరయ్యగారు అప్పజెప్పించుకొని ఊరుకునే మనిషి కారు. ఎద్దుబండి కట్టించుకొని పల్లె తరువాత పల్లె తిరిగి, బాప్తిస్మము కొరకు వచ్చినవారిని ఎదుట కూర్చోబెట్టుకొని ప్రశ్నలు అడిగేవారు. తప్పిపోయిన కుమారుని కథ చెప్పించి, ఆ తండ్రి ఎవరివంటివాడు, నీ ఇంట తప్పిపోయినవాడు ఎవడు అన్నట్లుగా వారి బ్రదుకులోనికి తెచ్చి అడుగుట ఆ కాలపు బోధనలో ముఖ్యమైనది. సారా మానినావా? భార్యను కొట్టుట మానినావా? ఇల్లు, ఒళ్లు శుభ్రముగా ఉన్నవా? ఊరివారిని కూడ విచారించేవారు. వచనము నోటిలో ఉన్నదా అన్నది ఒక పరీక్ష, అది ఇంటిలో ఉన్నదా అన్నది రెండవ పరీక్ష. రెండవ దానిలో తప్పినవారిని ఆపి ఉంచేవారు.

ఇందుకు ఉపదేశకులే ఆయనకు చేతులు, కాళ్లు. వారికి జీతము అల్పము. చదువు అంతంత మాత్రము. దోర్నకల్‌లో వారికి, వారి భార్యలకు కూడ శిక్షణ ఏర్పరచారు. భార్యలకు కూడ అన్న మాటను దయచేసి దాటిపోవద్దు. పల్లెలో స్త్రీల దగ్గరకు వాక్యము పోవలెనంటే వంట ఇంటి గుండానే పోవలెను. మగ ఉపదేశకుడు అక్కడికి పోలేడు. అంబు మరియమ్మాళ్‌గారు ఈ స్త్రీల పనిలో భర్తతో సమానముగా శ్రమపడ్డారు. ఎండాకాలము గురువులను, ఉపదేశకులను కూడగట్టి వాక్య పాఠములు చెప్పుట బిషప్‌గారు తాము స్వయముగా చేసేవారు. ఇక స్వంత వాక్య ధ్యానము మాటకు వస్తే, తెల్లవారక ముందే లేచి దానికి కూర్చుండేవారు. సంఘములో ఎవరిని ఏమి చేయుమని అడిగారో దానిని ముందు తాము చేశారు. ఈ మాట వ్రాయునప్పుడు నా కలము కొంత ఆగింది.

నోటికి వచ్చిన వాక్యము చేతికి ఎట్లు వచ్చిందో చెప్పుటకు ఒక్క ఉదాహరణ చాలును. పిడికెడు బియ్యము. వంటకు బియ్యము కొలిచిన ప్రతిసారి ఇల్లాలు ఒక పిడికెడు తీసి ప్రభువు కొరకు వేరే కుండలో వేసేది. ఆదివారము దానిని గుడికి తెచ్చేది. చూచుటకు చిన్న సంగతి. కాని ఆలోచించండి. ఆ ఇంట అప్పుడప్పుడు పొయ్యి వెలగదు. అయినను వెలిగిన ప్రతి పూట, కుండ పొయ్యి మీదకు ఎక్కకముందు, విధవరాలి రెండు కాసుల కథ ఆ చేతి గుండా పోయింది. ఆమె పుస్తకము తెరవలేదు. పుస్తకము ఆమె బియ్యపు కుండలోనికి వచ్చింది. కోతల కాలమున ధాన్యపు మూటలు, కోళ్లు, గ్రుడ్లు, గుమ్మడికాయలు నెత్తిన పెట్టుకొని పాటలతో, డప్పులతో గుడికి వచ్చేవారు. తీసుకొనుటకే పుట్టినవారమని ఊరివారు చెప్పగా నమ్మిన జనము, ఇచ్చువారైరి. క్రైస్తవుల ఈవిని గూర్చి అజరయ్యగారు వ్రాసిన పుస్తకము తరువాత అనేక దేశములలో చదివారు. అందులోని అనుభవము మన తెలుగు స్త్రీల బియ్యపు కుండలోనిది.

మరొక సంగతి. బాప్తిస్మము పొందినవారు తమ చేయి తమ తల మీద పెట్టుకొని, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక తొమ్మిదవ అధ్యాయములో పౌలు తన మీద మోపబడిన సువార్త భారమును గూర్చి పలికిన మాటను తమ మాటగా పలుకవలెనని ఆయన నియమము పెట్టారు. నిన్నటి వరకు దొర ఎదుట తల ఎత్తని కూలివాడు, తన తల మీద తానే చేయి పెట్టుకొని అపొస్తలుని మాట పలుకుట! సంవత్సరమునకొక వారము సాక్ష్యపు వారమని పెట్టి చదువురానివారిని కూడ ప్రక్క ఊళ్లకు పంపేవారు. వారు ప్రసంగము చేయలేరు. తెలిసిన కీర్తన పాడి, తెలిసిన కథ చెప్పి, సారా మానిన తమ బ్రదుకు చూపి వచ్చేవారు. మారిన మాల మాదిగల బ్రదుకు చూచి కమ్మ, రెడ్డి మొదలగు కులములవారు కూడ అక్కడక్కడ సంఘములోనికి వచ్చారు. ఆయన కాలాంతమునకు ఆ డయాసిస్‌లో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది, దేశీయ గురువులు ఇంచుమించు 150 మంది అయ్యారు.

ఈ మారుటను గాంధీగారు ఒప్పుకోలేదు. పేదలకు బోధ అర్థము కాదని, గుంపులుగా మతము మార్చుట తగదని 1930వ దశాబ్దములో పత్రికలలో గట్టిగా విమర్శించారు. అజరయ్యగారు దేశాభిమానియే, స్వరాజ్యము కోరినవారే. కాని చదువు లేనివానికి ఆత్మ విషయములు అర్థము కావన్న మాట మాత్రము ఆయనకు రుచించలేదు. నిజమునకు రాత్రులు వారి మధ్య కూర్చుండి వారి జవాబులు విన్నవాడు ఆయన. కోరుట్ల అవ్వను చూచిన తరువాత నాకును ఆ విషయమున సందేహము లేదు.

అట్లని ఆయన పనిలో లోపములు లేవనుట సరికాదు. విద్యార్థి దశ నుంచి కులభేదమును ద్వేషించిన మనిషి, ఒకే గిన్నెలో అందరికి ప్రభువు భోజనము ఇచ్చిన మనిషి. అయినను మాల మాదిగ పల్లెల మధ్య గోడ ఆయన కాలములో కూలలేదు. చివరి దశలో దానివలన ఆయనకు మనోవేదన కలిగింది. నోటికి వచ్చిన వచనములు ఎన్ని ఉన్నను, ప్రక్క పల్లెవాని చేతి నీళ్లు త్రాగుటకు కొందరికి ఆ వచనములు చాలలేదు. ఇప్పుడైనా చాలుచున్నవా? ఎన్నికల సమయమున మన పాస్టరేట్ కమిటీలను చూచినవారు జవాబు చెప్పుదురు. ఇంకను తమిళులు పై స్థానములలో ఉన్నారని తెలుగువారిలో కొంత గొణుగుడు ఉండినది. క్రమశిక్షణలో ఆయన చాల కఠినులని పేరు. ఇవన్నియు నిజమే. మనుష్యుని జీవితము వ్రాయునప్పుడు దేవదూత జీవితము వ్రాయరాదు.

సంఘ ఐక్యతలో ఆయన పాత్ర అందరికి తెలిసినదే. 1919 మే నెలలో తరంగంబాడిలో కూడిన 33 మంది పాదిరులు ఐక్యత కొరకు ప్రకటన చేశారు. ఆ కూటమునకు ముఖ్యులు అజరయ్యగారు, సంతియాగోగారు. ఇక్కడ నన్ను ఆశ్చర్యపరచు సంగతి ఒకటున్నది. బైబిలును మొదట తెలుగులోనికి తెచ్చిన షుల్జ్ దొర ఓడ దిగినది ఆ తరంగంబాడి రేవులోనే, 1719లో. సరిగా రెండు వందల సంవత్సరములకు అదే ఊరిలో మన ఐక్య సంఘమునకు పునాది మాట పలికారు. ఆ పునాదిలో మొదటి రాయి పరిశుద్ధ గ్రంథమే. దొర గ్రంథము అచ్చు చూడలేదు. అజరయ్యగారు ఐక్యత చూడలేదు. 1945 జనవరి 1న దోర్నకల్‌లో ఆయన ప్రభువునందు నిద్రించారు. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది. ఆంగ్లికనులమని, వెస్లియనులమని వేరుగా ఉండిన దోర్నకల్ వారు, మనము ఒకే సంఘమైనది ఆ దినముననే.

దోర్నకల్ వెళ్లినవారు ఆయన కట్టించిన కెథీడ్రల్ చూచి ఉంటారు. గుడి, మసీదు, చర్చి మూడింటి పోకడలు కలిసిన కట్టడము. డబ్బు చాలక సంవత్సరముల తరబడి ఆగి ఆగి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. కట్టడము ఆలస్యమైనదని ఆయన పెద్దగా బాధపడలేదేమో. రాత్రి బడులు ఆగకుండా నడుచుచున్నవి గదా.

ఆ రాత్రి బడులే ఇప్పుడు లేవు. మన ఇండ్లలో ఇప్పుడు చదువు ఉన్నది, బైబిలు ఉన్నది. ఫోనులో బైబిలు ఉన్నది, చదివి వినిపించు గొంతు కూడ ఉన్నది. లేనిది సాయంకాలమే. సిరిసిల్లలో సాంచాల మీద పని చేయు అన్నదమ్ములకు రాత్రి షిఫ్టు. జగిత్యాల వైపు ఇంటి యజమాని మస్కట్‌లోనో దుబాయిలోనో ఉన్నాడు. పిల్లలకు ట్యూషను. మిగిలిన కొంచెము వేళ టి.వి.కి పోయింది. ఆదివారము నేను ప్రసంగములో చెప్పినదే వారమంతటికి వాక్యము. అది నా ఘనత కాదు, నా తప్పు. అజరయ్యగారి కాలములో వాక్యము సంఘస్థుల నోట ఉండినది. ఇప్పుడు మైకు ముందు పాస్టరు నోట మాత్రమే ఉన్నది. పాస్టరు లేని వారము సంఘము మూగపోవుచున్నది.

కోరుట్ల అవ్వ క్రిందటి సంవత్సరము ప్రభువునందు నిద్రించింది. భూస్థాపనకు కుమారుడు దుబాయి నుంచి రాలేకపోయాడు. ఫోనులో చూపించాము. సమాధి దగ్గర నేను పుస్తకము తెరిచి నూట మూడవ కీర్తన చదువబోతే, పదేండ్ల మనుమరాలు నాతో కలిసి చూడకుండా చెప్పసాగింది. నేను ఆపి ఆమెనే చెప్పనిచ్చాను. పదునాలుగవ వచనము వరకు వచ్చి ఆగింది. అవ్వ అంతవరకే నేర్పిందట. చాట ప్రక్కన కూర్చోబెట్టుకొని, ఒక కట్ట బీడీలకు ఒక వచనము చొప్పున.

ఆ తరువాత సిరిసిల్లలో ఒక వీధిలో గురువారము రాత్రి ఎనిమిదిన్నరకు కూర్చొనుట మొదలుపెట్టాము. ఒక కీర్తన, ఒక కథ, ఒక వచనము. పుస్తకము తెరువము. మొదటి రాత్రి పదకొండు మంది వచ్చారు. మూడవ వారము నలుగురే. ప్రక్క షెడ్డులో సాంచాల చప్పుడుకు వచనము సరిగా వినబడదు, గట్టిగా అరచి చెప్పవలసి వస్తుంది. అరచి చెప్పుటవలన ప్రక్క ఇంటివారి పిల్లలకు కూడ వచనము వచ్చిందని క్రిందటి నెల తెలిసింది. వారిని లోపలికి పిలిచాము. ఇప్పుడు తొమ్మిది మంది అయ్యారు. నూట మూడవ కీర్తనలో నేను పందొమ్మిదవ వచనము దగ్గర ఉన్నాను. వచ్చే గురువారము యోసేపు కథ, చెరసాల వరకు.